పొట్టి టమాటా పిలకలు

మొన్న పెద్దమ్మని చూడ్డానికి ఏలూరు వస్తూ, వట్లూరు రోడ్డు పక్క నర్సరీలో జానెడెత్తు టమాటా మొక్కొకటి ఒళ్ళంతా కాయలేసుకుని చిన్న కుండీలో కూర్చుని ఉండటం చూసేసరికి, ఇరవై ఎనిమిదేళ్ళకే జ్ఞాపకాలేమిటని మీరు నవ్వుకున్నా సరే, డిగ్రీ చివరి ఏడాది నేను చేసిన నిర్వాకం గుర్తొచ్చి నా చెవులు వేడెక్కాయి.

అప్పట్లో కాలేజీకి దగ్గరని పెద్దమ్మ వాళ్ళింట్లో ఉండేవాణ్ణి. మేడ మీద పాత పెయింటు బకెట్లలో పొట్టి టమాటా వేయడం ఆవిడకి అలవాటు; మోకాలు దాటదు, ఊతకర్ర అడగదు, గుబురుగా పెరిగి ఒక్కసారిగా విరగకాస్తుంది. ఆవిడది మంచి చెయ్యి అని వీధంతా నమ్మకం. ఎవరు పాదు పెట్టినా, "ఏవండీ, మీ చేత్తో ఒక్క గింజ వేసి వెళ్ళండి" అని పిలిచేవారు. ఆవిడ కాళ్ళు కడుక్కుని, పెళ్ళికి బయల్దేరినంత హడావిడిగా వెళ్ళి, గింజ వేసి, కాఫీ తాగి వచ్చేది. ఇంట్లో మాట పెదనాన్నది, పెత్తనం పెదనాన్నది; తనదంటూ ఆవిడకున్న పేరు ఆ చెయ్యి ఒక్కటే. గింజకేమైనా కళ్ళున్నాయా చెయ్యి చూసి మొలవడానికని నేను వెక్కిరిస్తూ ఉండేవాణ్ణి.

ఆ చలికాలం వాళ్ళమ్మాయికి, అంటే మా అక్కకి, ఒంట్లో బాగోలేదని పెద్దమ్మ తాడేపల్లిగూడెం వెళ్తూ మొక్కలు నాకు అప్పగించింది. నీళ్ళు పోయమంది, అంతే. నేను ఫోనులో వీడియో చూశాను. ఆకు కణుపుల్లో వచ్చే పిలకలన్నీ గిల్లేస్తే బలమంతా కాయకి పడుతుందట. అది తాడు కట్టి పైకి పాకించే రకాలకని, పొట్టి రకానికి కాపంతా ఆ పిలకల మీదేనని చివర్లో చెప్పారట. నేను చివరిదాకా చూస్తే కదా! ఎనిమిది బకెట్లలోనూ గోళ్ళు ఆకుపచ్చబడేదాకా గిల్లాను. అందులో సగం శ్రద్ధ పుస్తకాల మీద పెట్టుంటే సప్లిమెంటరీలు ఉండేవి కావు.

మూడు వారాలకి ఆవిడ తిరిగొచ్చేసరికి మేడ మీద ఎనిమిది గొడుగు కాడలు నిలబడి ఉన్నాయి. గిల్లిన చోట్లు అప్పటికే మానిపోయాయి. ఒక్కో బకెట్ దగ్గరా చతికిలబడి, ఆకులు తిప్పి చూసి, "నీళ్ళు సరిగ్గానే పోశావు కదరా?" అంది. పోశానన్నాను. అది నిజమే కాబట్టి గొంతు వణకలేదు.

"అయితే నా చెయ్యే పోయిందిరా" అంది.

చెప్పాల్సింది అప్పుడే. "ఎక్కడికి పోతుంది పెద్దమ్మా, గాజులతో సహా అక్కడే ఉంది చూసుకోండి" అన్నాను. పెదనాన్న కూడా నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

తర్వాత ఎదురింటి మేష్టారి భార్య పొట్లపాదుకి పిలిస్తే, "వద్దండీ, ఈ మధ్య నాది కలిసిరావడం లేదు, ఇంకెవరినైనా పిలవండి" అంది. మరో రెండిళ్ళకీ అదే జవాబు. ఆ పైన వాళ్ళూ పిలవడం మానేశారు. బకెట్లు మేడ మీద బోర్లాపడ్డాయి. నేను రోజూ వాటి పక్కనుంచే వెళ్ళి బట్టలు ఆరేసుకునేవాణ్ణి.

సప్లిమెంటరీలన్నీ గట్టెక్కి, ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయే రోజున ధైర్యం కూడగట్టుకుని, వీడియోతో మొదలుపెట్టి గోళ్ళ దాకా అంతా చెప్పేశాను. ఆవిడ విని విని, కొంగు నోటికడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

"ఊరుకోరా! వెళ్ళేముందు నన్ను నవ్వించాలని ఎంత కథ అల్లావురా!"

ఒట్టు వేశాను. నా ఒట్లకి ఆ ఇంట్లో ఉన్న విలువ నాకూ తెలుసు.

ఇప్పుడా వీధిలో గింజ వేయడానికి ఎవరూ ఎవరినీ పిలుచుకోవడం లేదు. ఎవరి పాదు వాళ్ళే పెట్టుకుంటున్నారు, బాగానే కాస్తోంది కూడా. సాయంత్రాలు పెద్దమ్మ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఎవరైనా నాలుగు పొట్లకాయలు కోసి తెచ్చిస్తే, రెండు చేతులా అందుకుని, "ఎవరు వేశారండీ, మంచి చెయ్యి" అంటుంది.