ఘటసర్పం చీటీ

నా చిన్నప్పుడు మా నగరి ఊరి చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక వాగ్దానపు చీటీలు తీసేవాళ్లం. పళ్లెంలో చుట్టిపెట్టిన కాగితాల్లో ఎవరికి వాళ్లు ఒకటి తీసుకోవాలి. ఏ వాక్యం వస్తే ఆ యేడాదికి దేవుడు చెప్పిన మాట అదేనని నమ్మేవాళ్లం. ఆ యేడు పాస్టరు అయ్యగారికి జ్వరం వచ్చి చీటీలు రాసే పని ఒక సంఘపెద్దకు అప్పగించారు. మగ్గం దగ్గర ఆయనంత పనివాడు లేడు గానీ చదువు అంతంతమాత్రం. ధైర్యం చెప్పే వాక్యాలు ఏరి రాయాలని తెలియక, బైబిలు చివరి పుటలు తెరిచి వరసగా రాసుకుంటూ పోయాడట. ఆ సంగతి మాకు తర్వాతే తెలిసింది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. కనబోతున్న స్త్రీ ముందర ఘటసర్పం అనే మహా పాము నిలబడి ఉందని, బిడ్డ పుట్టగానే మింగాలని కాచుకొని ఉందని నా చీటీలో ఉంది. మా అమ్మకు నెలలు నిండుతున్న రోజులవి.

ఎవరికీ చూపించలేదు. ఆ సర్పం నన్నే ఆనవాలు పట్టిందని, నా వెనకే ఇంట్లోకి వస్తుందని అనుకున్నాను. అందుకని అమ్మ దగ్గరికి పోవడం మానేశాను. మగ్గానికి నూలు కండెలు చుడుతూ పిలిస్తే వీధిలోకి పరిగెత్తేదాన్ని. అమ్మకు కాళ్లు వాచాయి. మగ్గం మీద పోగులు ఊరికే తెగుతున్నాయని నాయన విసుక్కునేవాడు. ఏది చూసినా అది దగ్గరికొచ్చేసిందనే అనిపించేది. అమ్మేమో నాకు తనంటే ఇష్టం పోయిందని కళ్లు తుడుచుకునేది.

చివరికి మా అవ్వ పట్టేసింది. ఒక మధ్యాహ్నం నేను గడప బయట గిన్నె పెట్టుకొని తింటుంటే వచ్చి పక్కన చతికిలబడింది.

"ఏం మే, మీ యమ్మ నిన్ను కొరుకుతాదా?"

నాకు ఏడుపు ఆగలేదు. చీటీ తీసి చదివి వినిపించాను. అవ్వకు అక్షరం రాదు, కానీ విన్నది ఏదీ మరిచిపోదు. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మెల్లగా చెప్పింది.

"పాము ఉండాది మే, లేదని నేను సెప్పను. చీటీ రాసినాయన సగం రాసి వదిలేసినాడు. ఆ బిడ్డని దేవుడు పైకెత్తుకున్నాడు, పాముకి దక్కలా. ఆ కోపంతో అది ఒక్కో విశ్వాసి మీదికి పోరుకి పొయ్యింది. కోరల్తో వస్తాదనుకున్నావా? ఇట్లనే, నిన్ను తీసకపోయి గడప బయట కూసోబెడతాది."

చీటీ నా చేతిలోంచి తీసుకొని రొంటిన దోపుకుంది. ఇది తనకొచ్చిందనుకోమంది, తన చీటీ నాకిచ్చింది. తర్వాత లోపలికి తీసుకుపోయి అమ్మ పొట్టకు ఆనించి కూర్చోబెట్టింది.

మూడు రోజులకు, పొద్దున్నే తమ్ముడు పుట్టాడు. పుట్టి ఏడవలేదు. గదిలో ఆడవాళ్లు వాడి అరికాళ్లు తడుతున్నారు. నేను పారిపోబోతే, "యాడికీ పోవద్దు, ఈడనే ఉండు" అంది అవ్వ. అమ్మ కాలి వేలు పట్టుకొని నిలబడ్డాను. ఎంతకో వాడు ఏడ్చాడు.

వాడికిప్పుడు మనవళ్లున్నారు. అవ్వ మాత్రం ఆ వేసవి దాటలేదు. చీటీ తీసుకున్నందుకేనా అని అడగడానికి మనిషి లేదు.

ఈనాడు కడవరి దినాల గురించి, శత్రువు గురించి ఫోన్లలో ఎవరెవరో చెబుతుంటారు. అవన్నీ అబద్ధమని నేననను. అయితే సంఘంలో ఎవరైనా ఉన్నట్టుండి రావడం మానేస్తే, ఫోన్ చేస్తే సరిపోదా అత్తా అని కోడలు అంటున్నా వినకుండా, చెప్పులేసుకొని వాళ్లింటికి నడిచిపోతాను. నాకంటే ముందే ఆ పాము వాళ్ల పక్కన చేరి ఉంటుందేమోనని దోవ పొడుగునా భయంగానే ఉంటుంది. అయినా పోయి తలుపు తడతాను.