గద్దలు వద్దన్న చేప

చేపలు పట్టే ఊరికి చేపలు కొనుక్కొచ్చే మనిషి లోకంలో రామబ్రహ్మంగారొక్కరే. గుడివాడ బస్టాండు వెనక ఆయనకో ఫోటో స్టూడియో ఉంది. ఆదివారం వచ్చిందంటే దానికి తాళం వేసి, మెడలో కెమెరా, చేతిలో చేపల సంచీ, ముక్కుకి అడ్డంగా జేబురుమాలు పెట్టుకుని బందరు బస్సెక్కేవారు. జేబురుమాలు ఎందుకంటే ఆయన శుద్ధ శాకాహారి. ఆ సంచీ తనది కాదన్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవారు గానీ, బస్సులో ఒక్కరూ నమ్మేవారు కాదు.

ఆ చేపలు గద్దల కోసం. గద్ద పైనుంచి దూకి, కాళ్ళు చాచి, గోళ్ళతో చేపను అందుకునే ఒక్క క్షణాన్ని ఫోటో తీయాలన్నది ఆయన పంతం. ఏడేళ్ళుగా తీస్తూనే ఉన్నారు. గద్ద తోక వచ్చింది. గద్ద నీడ వచ్చింది. గద్ద చేపను ఎత్తుకుపోయాక మిగిలిన ఇసక వచ్చింది. ఒకసారి ఆయన బొటనవేలు మాత్రం గోరుతో సహా చాలా స్పష్టంగా వచ్చింది.

బందరు హార్బరు దాటాక, సముద్రం ఒడ్డున ముత్యాలమ్మ చేపలు ఎండబెట్టుకునే చోట ఆయన మకాం పెట్టేవారు. ముత్యాలమ్మకేమో గద్దలంటే ఒళ్ళు మంట. పొద్దుట లేచింది మొదలు వెదురుకర్ర పట్టుకుని వాటిని తోలడమే ఆమె పని. గరుడపక్షి వస్తే మాత్రం, దేవుడి వాహనం కదా అని, ముందు దండం పెట్టి ఆ తర్వాత మట్టిబెడ్డ విసిరేది.

"ముత్యాలమ్మగారూ! కర్ర దించండి! వస్తోంది, వస్తోంది!"

"వస్తంది కాబట్టే ఎత్తానండీ!"

"ఒక్క చేప తీసుకోనివ్వండి. మీకు పుణ్యముంటుంది."

"పుణ్యం ఎండబెడితే ఎవరు కొంటారండీ? హుష్! హుష్!"

గద్ద పోయేది. రామబ్రహ్మంగారు కెమెరా దించి, ముఖం వేలాడేసుకుని, గొడుగు కింద కూర్చుని డబ్బాలో తెచ్చుకున్న పెరుగన్నం తినేవారు. మళ్ళీ ఆదివారానికి తయారు.

"ఈ తిరుగుడికి ఇంట్లో ఏమీ అనరేంటండీ?" అని ఒకసారి అడిగింది ముత్యాలమ్మ.

"అనేవాళ్ళుంటే తిరుగుతానా?" అన్నారాయన, అన్నం కలుపుకుంటూ.

ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆమెకూ ఎవరూ లేరు. మొగుడెక్కిన పడవ తుఫాను ఏట తిరిగి రాలేదు. పిల్లలు లేరు. చుట్టాలు బియ్యం పంపితే, "నా చేతులేమీ పడిపోలేదు" అని మూట విప్పకుండానే తిప్పి పంపేసింది. ఒకరి గింజ ముట్టదు. అలా తిప్పి పంపగా పంపగా మనుషులు రావడం కూడా మానేశారు. వారంలో ఆరు రోజులు ఆమె మాట్లాడేది గద్దలతోనే, అవీ తిట్లే. ఏడో రోజు ఒక మనిషి వచ్చి 'గారూ' అని పిలిచేవాడు. ఆ ఒడ్డున ఆమెను గారు అన్నది ఆయనొక్కరే. బస్సు ఆలస్యమైన రోజు ఆమెకు ఏ పనీ సాగేది కాదు. చచ్చినా ఆ సంగతి ఒప్పుకునేది కాదనుకోండి.

ఇంతలో వేట నిషేధం వచ్చింది. ఎండాకాలంలో చేపలు గుడ్లు పెడతాయి కాబట్టి నెలన్నర పాటు సముద్రంలోకి వెళ్ళకూడదన్నారు. పడవలన్నీ ఒడ్డుకెక్కాయి. ఎండబెట్టడానికి చేప లేదు, తోలడానికి గద్దలూ తగ్గాయి. ముత్యాలమ్మ గంజి కాచుకునేది. కొన్నాళ్ళకి అదీ ఒక్క పూటే అయింది. ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆదివారం రామబ్రహ్మంగారు సంచీ రెండు చేతులతో మోసుకొచ్చారు. ఎప్పుడూ తెచ్చే చిన్న చేపలు కావు, మూరెడు కొరమీను. దాన్ని ఇసకలో పెట్టి, ఎండకి పాడవుతుందని పైన గొడుగు వేశారు. అరగంట కూర్చున్నారు.

"గద్దలకిది నచ్చలేదండీ."

"నచ్చలేదా?"

"చూశారుగా, పైనుంచే వాసన చూసి వెళ్ళిపోయింది. మళ్ళీ గుడివాడ దాకా మొయ్యలేను. పారేయండి. లేదా కూర వండుకోండి, మీ ఇష్టం."

ముత్యాలమ్మ ఆయన వంక అనుమానంగా చూసింది. ఆ గద్దలు ఒకసారి ఆమె హవాయి చెప్పు ఎత్తుకెళ్ళి, రుచి చూసి మరీ సముద్రంలో వదిలాయి. చెప్పు తిన్న గద్ద కొరమీను వద్దంటుందా? మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా, తాజాగానే ఉంది. పిచ్చి మారాజు, చేప సంగతి ఏం తెలుసులే అని సరిపెట్టుకుంది. పారేసేదాన్ని తీసుకుంటే అడుక్కున్నట్టు కాదు కదా. రెండు రోజులు కడుపునిండా తింది.

తర్వాతి ఆదివారం గద్దలకు శీలావతి నచ్చలేదు. ఆ పై ఆదివారం బొచ్చె నచ్చలేదు.

"గొడుగు తీస్తే వస్తాయేమో బాబుగారూ."

"తీస్తే ఎండ కదండీ!"

నాలుగో ఆదివారం మళ్ళీ కొరమీను. ఆయన అలా కెమెరా సర్దుకుంటున్నారో లేదో, ఒక్క గాలి విసురుకి గొడుగు ఎగిరిపోయింది. పైన తిరుగుతున్న మొండితోక గద్ద, అంటే ఏడేళ్ళుగా ఆయన్ని ఏడిపిస్తున్న గద్ద, రెక్కలు ముడిచి దూకింది. పదడుగుల దూరం. మంచి ఎండ. చాచిన కాళ్ళు, విప్పిన గోళ్ళు. కెమెరా ఆయన కంటి దగ్గరే ఉంది.

ముత్యాలమ్మ జన్మలో మొదటిసారి కర్ర కింద పడేసింది.

"తీయండి బాబుగారూ! తీయండి!"

రామబ్రహ్మంగారు తీయలేదు. కెమెరా మెడలో ఊగుతుండగా, రెండు చేతులూ ఊపుకుంటూ పరిగెత్తారు.

"హుష్! హుష్! పోవే! అది నీది కాదు, ముత్యాలమ్మగారిది!"

గద్ద బెదిరి పైకి లేచిపోయింది. ఆయన ఇసకలో బోర్లా పడి, కొరమీనును గుండెలకి హత్తుకుని లేచారు. జేబురుమాలు ఎక్కడో ఎగిరిపోయింది.

"ఏమన్నారు?" అంది ముత్యాలమ్మ.

"ఏం లేదండీ. అంటే, ఎలాగూ దానికి నచ్చదు కదా, అందుకని..."

ఆయన ముఖం పాలిపోయింది. ఆమె బియ్యం మూటలు తిప్పి పంపిన మనిషి అని ఆయనకూ తెలుసు. ముత్యాలమ్మకి కోపం రావాలి. వచ్చిందనే అనుకుంది కూడా. కానీ ఒంటినిండా ఇసకతో, చేపను చంటిపిల్లలా ఎత్తుకున్న ఆ శాకాహారిని చూస్తే కోపం నిలవలేదు. తన కోసం ఒక మనిషి పరిగెత్తి ఎన్నేళ్ళయింది?

చేప అందుకుని, కత్తిపీట వేసుకుని కూర్చుంది. తలకాయ కోసి, లేచి వెళ్ళి ఇసక మీద పెట్టింది. గద్దకి ఆమె చేతులారా పెట్టడం అదే మొదలు.

"ఇది నేను పెడతన్నా. ఇప్పుడు తీయండి."

మొండితోకది క్షణంలో వచ్చింది, పట్టింది, పోయింది. కెమెరా టక్కుమంది.

"వచ్చిందా?"

"తోక వచ్చినట్టుందండీ."

"ఇంతోటి దానికి ఏడేళ్ళు!" అని నవ్వుతూ ముక్కలు కడిగింది ముత్యాలమ్మ. ఆఖరి ముక్క చట్టిలో వేస్తూ అంది.

"పై ఆదివారం గద్దలు ఏ చేప వద్దంటాయో ముందే చెప్పి వెళ్ళండి. చింతపండు నానేసి ఉంచుతాను."