డాక్టరుకి చెప్పని చేపల తొట్టి

మొదట తేడా తెలిసిన రోజు బాగా గుర్తు. పరాయి దేశంలో, టూంగాబీ అనే శివారులో ఉన్న మా అద్దె ఇంట్లో, పది నెలల మా పాప మేఘనకి అన్నం కలుపుతుంటే కుడిచేతి నడిమివేలి కణుపు చురుక్కుమంది. చూస్తే శనగగింజంత గడ్డ. వైటూకే, అంటే రెండువేల సంవత్సరం తేదీల గొడవ, పేరుతో రెండేళ్లు పాత కోబాల్ ప్రోగ్రాములు తిరగేసిన చెయ్యి కదా, కీబోర్డు నొప్పేమో అనుకున్నాను.

జీపీ, అంటే మా పేట డాక్టరు, సెఫలెక్సిన్ అనే యాంటీబయాటిక్ రాసిచ్చారు. రెండు కోర్సులు మింగినా గడ్డ కదల్లేదు. మా ఆవిడ వసుంధర పసుపు పట్టు వేస్తే వేలు పచ్చబడింది, అంతే. యూరిక్ యాసిడ్ నార్మల్. ఎక్స్‌రే నార్మల్. రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి, బాగాలేనిది నా వేలొక్కటే. ఈలోగా ముంజేతి మీద ఇంకో గడ్డ లేచింది. దాని పైన మరొకటి.

ఆ రోజుల్లో నాకున్న ఒకే ఒక్క ఊరట హాల్లోని చేపల తొట్టి. వైటూకే కాంట్రాక్టు అయిపోయి ఖాళీగా ఉన్నప్పుడు పెట్టుకున్నాను. అడుగున మట్టి, పైన సన్న గులకరాళ్లు, నీటి మొక్కలు, వాటికోసం పంచదారా ఈస్టూ కలిపిన సీసాలోంచి కార్బన్ డయాక్సైడ్ బుడగలు. నీళ్లు కుదురుకోవడానికి నెల్లాళ్లు ఆగమన్నాడు షాపతను. నాకంత ఓపికేదీ? వారానికే ఆరు నియాన్ టెట్రా చేపలు వేశాను. నాలుగు చచ్చిపోతే చేత్తోనే తీసేశాను. గరుకురాయికి జావా ఫెర్న్ మొక్కని దారంతో కడుతుంటే కణుపు దగ్గర చీరుకుంది. అదీ ఒక దెబ్బేనా అని వదిలేశాను. గడ్డలు లేచాక కూడా రోజూ సాయంత్రం అదే చెయ్యి మోచేతిదాకా ముంచి ఆకులు కత్తిరించేవాణ్ణి.

ఇంటి అద్దె కాగితంలో పెట్స్ ఉండకూడదని ఉంది. ఇల్లు చూడ్డానికొచ్చిన ఏజెంటుతో చేపలు పెట్స్ కిందికి రావని అరగంట వాదించి గెలిచాను. ఆ గెలుపే నా కొంప ముంచింది.

స్కిన్ స్పెషలిస్టు దగ్గర బయాప్సీకి ముందు నర్సు ఫారం నింపుతూ, పెట్స్ ఉన్నాయా అని అడిగింది. లేవన్నాను. చేపలు, రొయ్యలు ముట్టుకుంటారా అంది. "వియ్ ఆర్ ప్యూర్ వెజిటేరియన్స్" అన్నాను, కాస్త గర్వంగానే. ఆవిడ రెండుచోట్లా 'నో' అని రాసుకుంది.

బయాప్సీలో గ్రాన్యులోమా, అంటే క్రిమి చుట్టూ కణాలు ముద్దకట్టిన గడ్డ, అని వచ్చింది. మైకోబాక్టీరియా కావచ్చు, టీబీ క్రిమిది కూడా ఆ కుటుంబమే అన్నారు డాక్టరు. టీబీకి చేసే మాంటూ టెస్టుకి చెయ్యి ఉబ్బింది. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. గడ్డ ముక్కలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే కల్చర్‌లో ఏమీ పెరగలేదు. ఇంతకీ టీబీయేనా అని అడిగితే, "వియ్ డోంట్ నో యెట్" అన్నారు.

ఆ రోజునుంచి పాపని ఎత్తుకోవడం మానేశాను. అది పాక్కుంటూ వస్తే గదిలోకెళ్లి తలుపు వేసుకునేవాణ్ణి. చిన్న చేతులతో తలుపు బాదేది. ఇవతల కూర్చుని ఏడ్చేవాణ్ణి. నాకున్నదేమిటో తెలియదు, దానికి అంటుతుందో లేదో తెలియదు. అలా ఆరు వారాలు గడిచాయి.

చివరికి పెద్దాసుపత్రిలో ఇన్ఫెక్షన్ల డాక్టరు దగ్గరికి వసుంధర కూడా వచ్చింది. ఆయనా పెట్స్ సంగతే అడిగారు. నో అన్నాను. వసుంధర నావైపు తిరిగింది.

"మరి హాల్లో తొట్టి సంగతి చెప్పరేంటండీ?"

"అవి పెట్స్ కాదే."

"ఏజెంటుకి చెప్పిన మాట డాక్టరుగారికెందుకు?" అని, ఆయనతో ఇంగ్లీషులో, ఈయన రోజూ ఆ చెయ్యి చేపల తొట్టిలో పెడతారని చెప్పేసింది.

ఆయన కలం కింద పెట్టి, "ఫిష్ ట్యాంక్ గ్రాన్యులోమా" అన్నారు. తొట్టి నీళ్లలో ఉండే క్రిమి చీరుకున్న చోటినుంచి లోపలికి చేరుతుందట, దానికి మన ఒంటివేడి పడదట. చల్లగా ఉంచి మళ్లీ కల్చర్ చేయించారు, మూడు వారాలకి పెరిగింది. తొట్టి సంగతి బయటపడ్డ రోజు నేనడిగింది మాత్రం ఒక్కటే, పాపని ఎత్తుకోవచ్చా అని. మనిషినుంచి మనిషికి అంటదు, నిక్షేపంగా ఎత్తుకోమన్నారు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టని అంటారు. నేను పిల్లని చంకనైనా పెట్టుకోకుండా వెతికాను.

క్లారిత్రోమైసిన్, ఎథాంబ్యుటాల్ ఏడు నెలలు వాడాను. నోరంతా చేదు, కాఫీ కూడా సహించేది కాదు. ఆ మందు చూపుని దెబ్బతీయొచ్చట, అందుకని రంగులు సరిగ్గా కనిపిస్తున్నాయో లేదో అని కళ్లకి పరీక్షలు. రెండో నెలలో ఒక గడ్డ చితికి చీము కారితే మళ్లీ బెంబేలెత్తిపోయాను. మందు ఆపొద్దన్నారు డాక్టరు. ఆపలేదు.

ఇప్పుడు నడిమివేలు పూర్తిగా వంగదు, కణుపు మీద నల్లమచ్చ మిగిలింది. తొట్టి ఉంది. మోచేతిదాకా గ్లౌజు లేకుండా అందులో చెయ్యి పెట్టను. మేఘనకి మూడేళ్లు. మచ్చ తడిమి "ఫిష్ బైట్, నాన్నా?" అంటుంది.

మీకు చెప్పేది ఒకటే. డాక్టరు అడిగినప్పుడు, ఏది లెక్కలోకొస్తుందో ఏది రాదో మీరు తేల్చకండి. పొద్దున లేచిన దగ్గర్నుంచి మీ చేతులు ముట్టుకున్నవన్నీ చెప్పండి. మీరు మరిచిపోయింది గుర్తుచెయ్యడానికి ఇంట్లో మనిషిని వెంట తీసుకెళ్లండి. నేను ఆ పని చెయ్యడానికి ఆరు వారాలు ఆలస్యమైంది. మేఘన మొదటి అడుగులు ఆ వారాల్లోనే వేసింది. వసుంధర తలుపు అవతలనుంచి చెబితే విన్నాను.