గడప దాకా వచ్చిన జమ్మి

దుబాయ్‌కు గంటన్నర దారిలో ఉన్న మఫ్రఖ్‌లో మా పనివాళ్ల క్యాంపు గోడ వెనక ఒక జమ్మిచెట్టు ఉంది. ఇక్కడివాళ్లు దాన్ని గాఫ్ అంటారు. కొమ్మ విరిస్తే జరిమానా. అందుకని దసరా పొద్దున మా గదివాళ్లం గోడ ఇవతల ఇసుకలో రాలిన ఆకునే ఏరి టిఫిను మూతలో పోసుకుంటాం. ఈ యేటి దసరా ఆకు ఇంకా నా చొక్కా జేబులోనే ఉంది. వేళ్ల మధ్య నలిపితే దుమ్మూ వగరూ కలిసిన వాసన ముక్కుకు తగులుతుంది. అప్పుడు లారీల రొద, ఏసీల వేడిగాలి వెనక్కి తప్పుకుని మా తాత కూర్చునే అరుగు కళ్లముందుకు వస్తుంది.

మా తాత ఊరికి మాలీపటేలు. శిస్తు వసూలు చేసే ఆ పదవి తరాలుగా మా ఇంటిదే. దసరా వస్తోందంటే వానలు వెనకపట్టి, మక్కచేలలో కంకులు పాలుపోసుకుని, ఊరి గాలే తియ్యబడేది. లేత మక్కలను నానమ్మ రోట్లో రుబ్బి, పచ్చిమిరపకాయలు, ఎల్లిపాయలు దంచి కలిపి, కట్టెల పొయ్యి మీద గారెలు కాలుస్తుంటే ఆ వాసన వీధి మలుపు దాకా వచ్చి మమ్మల్ని చిర్రగోనె ఆట మధ్యలోంచి లాక్కుపోయేది. బతుకమ్మ కోసం గునుగుపూలకు రంగులద్దిన మా అత్తల వేళ్లు పండగ పోయాక కూడా ఎర్రగా, పచ్చగానే ఉండేవి. పండగ పొద్దున పాలపిట్ట కనబడేదాకా పిల్లలం చేలగట్ల మీద ఆకాశం చూస్తూ తిరిగి ముళ్లు గుచ్చించుకునేవాళ్లం.

ఆ గుంపుకు పెద్ద మా పక్కింటి లింబాద్రి. అందరికీ లింబన్న. నాకన్నా పదీపన్నెండేళ్లు పెద్ద. నన్ను భుజాల మీద ఎక్కించుకుని జమ్మిచెట్టు దాకా మోసుకుపోయేవాడు, ఆకు అందించేవాడు, తిరిగొచ్చాక మా అరుగు మీద నా పళ్లెంలోనే గారెలు తినేవాడు.

“లింబిగా, మెల్లగ తినురా, గారెలు ఉరికిపోతయా?” అని నానమ్మ నవ్వేది.

తక్కిన ఊళ్లలో జనమే జమ్మి పట్టుకుని పటేలు ఇంటికి పోయి, చేతిలో పెట్టి, కాళ్లు మొక్కి వచ్చేవాళ్లు. మా ఇంట్లో పద్ధతి తిరగబడి ఉండేది. పొద్దు వాలగానే తాత ఉతికిన పంచె కట్టి, కండువా కొంగున ఆకు మూటగట్టుకుని, నన్ను వేలు పట్టించుకుని బయలుదేరేవాడు. ఏ వాడనూ విడవకుండా ప్రతి గడప ముందూ ఆగి, ఇంటాయన చేతిలో జమ్మి పెట్టి, గుండెలకు హత్తుకుని అలయ్ బలయ్ ఇచ్చేవాడు. కొన్ని వాడలకు ఆయన పోవడం మా కులంవాళ్లకు గిట్టేది కాదు. “పదవున్నోడే గడపకు పోవాలె. పోకుంటే ఆ ఇంట్ల బాధ వానికెట్ల తెలుస్తది?” అనేవాడు తాత. ఆయన నడుము ఎప్పుడూ నిటారుగానే ఉండేది. అది వంగడం నేను చూసింది పొట్టి దర్వాజాల కింద మాత్రమే.

పటేండ్ల పేరెత్తితే ఒళ్లు మండే ఊళ్లు చాలా ఉన్నాయని నాకు తెలుసు. ఆ మంటకు కారణాలున్నాయనీ తెలుసు. మా తాత ఎవరి మీదా గొంతు పెంచలేదని నేను బొంకను. కానీ ఆయన తొక్కని గడప మా ఊళ్లో లేదు.

సర్కారు పటేండ్ల పదవి తీసేసింది. ఆ దసరాకు పొద్దు వాలినా తాత వెంటనే అరుగు దిగలేదు. లింబన్న అప్పుడు వార్డు మెంబరుగా నిలబడబోతున్నాడు. తాత అతణ్ణి పిలిచి, తన కండువా అతని భుజాన వేసి, జమ్మి చేతికిచ్చి ముందు నడిపించాడు. తాను వెనక నడిచాడు. ప్రతి గడప ముందూ పూచీ పడుతూ అదే మాట. “ఈ పిల్లగాడు ఇయ్యాల వచ్చిండు, గెలిచినంక గూడ వస్తడు. ఇగ వీని జిమ్మ నాది. రాకుంటే వాన్నడగకుండ్రి, నన్నడుగుండ్రి, నేను లేకుంటే మా ఇంటోల్లనడుగుండ్రి.”

లింబన్న గెలిచాడు. మరుసటేడు వచ్చాడు. సర్పంచి అయ్యాక నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. జిల్లా పరిషత్తుకు పోయాక జీపు వీధి మొదట్లో ఆపి చెయ్యి ఊపాడు. ఎమ్మెల్యే అయ్యాక జమ్మి అతని ఫొటో ఉన్న కవర్లలో వచ్చింది. ఎంపీ అయ్యాక ఫ్లెక్సీ ఒక్కటే వచ్చింది. ఈలోగా మా భూములు కోర్టుల్లో కరిగిపోయాయి. అతను వేయించిన రోడ్డుకు మా ఇంటి ముందుభాగం పోయింది. అరుగు ఉన్నచోట ఇప్పుడు అతని పేరున్న శిలాఫలకం ఉంది. మా తాత పేరు దాని మీద లేకపోవడం కాదు నా కోపం. ఆ రాయి ఎవరు కూర్చున్న చోట నిలబడిందో పాతినవాడికి తెలుసు, అదీ నా కోపం.

నేను ఇక్కడ ఒక కొరియా కంపెనీ సైట్‌లో స్టోర్‌కీపర్ని. నా పైఅధికారి కిమ్ దసరాకు ముందొకరోజు అన్నం తింటూ ఫోన్‌లో తమ ఊరి నాయకుణ్ణి చూపించాడు. పేట కౌన్సిల్‌లో మొదలై, మేయరై, ఇప్పుడు వాళ్ల జాతీయ సభలో కూర్చున్న ఆ మనిషి ఎన్నికలప్పుడు పొద్దున్నే బస్టాపులో నిలబడి, పనులకు పోయేవాళ్లకు నడుము దాకా వంగి దండం పెడుతున్నాడు. మనసులో ఏముందో తెలియదు గానీ వంగుతాడు మరి, అని కిమ్ నవ్వాడు. మీకూ అలాంటివాడున్నాడా అని అడిగాడు. ఉన్నాడు, దసరాకు మా క్యాంపుకే వస్తున్నాడు అన్నాను, కొంచెం గొప్పగానే.

అలా వచ్చి ఎంబసీలో మాట సాయం చేస్తాడని లింబన్న మనుషులు మాటిచ్చింది పోశన్న కోసం. పోశన్న మా ఊరివాడు. కరోనా యేట అతని కంపెనీ మూతపడింది. పాస్‌పోర్టులతో సహా కఫీల్, వీసా ఇచ్చిన యజమాని, మాయమయ్యాడు. వీసా చచ్చిపోయి, పోలీసుల భయంతో గేటు దాటలేక, మా గదిలో వండిపెడుతూ బతుకుతున్నాడు. మోకాళ్లు పట్టేశాయి. అతనికి ఇంటికి పోవాలని ఉంది, అంతే. దసరా పొద్దున గడ్డం గీసుకుని, నా చొక్కా ఇస్త్రీ చేసి తొడుక్కున్నాడు.

“వస్తడంటవా పటేలా?”

“వస్తడు పోశన్నా.”

“రాకేం జేస్తడు, మీ తాత జిమ్మ గద!” అన్నాడు.

అంతలో లింబన్న మనుషుల ఫోన్. కార్యక్రమం దుబాయ్ హోటల్‌కు మారింది, బస్సు పంపుతున్నాం, అందరూ రండి. కాగితాల్లేని పోశన్న ఆ దారిన రాలేడు. తాను ఏరిన ఆకు నా జేబులో పోసి, “నా పేరు చెప్పి పెట్టు” అన్నాడు.

హోటల్‌లో లింబన్న సింహాసనంలాంటి కుర్చీలో కూర్చున్నాడు. మైకులో, “లైన్ల రాండ్రి, అన్నకు జమ్మి పెట్టుండ్రి, యల్లా యల్లా!” రోజంతా ఎండలో సలాకలు మోసే మనుషులు వరుసకట్టి అతని పాదాలు తాకుతున్నారు. తరవాత ప్రసంగం. చిన్నప్పుడు పటేండ్లు తనను అరుగు ఎక్కనివ్వలేదట. ఏ అరుగు? నా పళ్లెంలో గారెలు తిన్న అరుగా?

నా వంతు రాగానే, “క్యాంపుకొస్తనంటివి లింబన్నా. పోశన్న ఎదురు చూస్తుండు” అన్నాను.

“నువ్వా తమ్మీ! ఫ్లైటుంది, టైం లేదు. వాట్సప్‌ల పెట్టు, పీఏ చూసుకుంటడు. జమ్మి పెట్టవా?”

“జమ్మి పెట్టేది మేము కాదు, నువ్వు” అన్నాను. ఫొటోవాడు నన్ను పక్కకు నెట్టాడు.

పొద్దు గుంకే వేళకు క్యాంపు చేరాను. ఆకు జేబులోనే ఉందని తెలిసి పోశన్న మండిపడ్డాడు. “ఒక్క ఆకు పెడితే నీ సొమ్మేం పోయె? మస్తుంది నీ పటేల్ పొగరు! గా పొగరుతోని నా పాస్‌పోటొస్తదా?”

“రాదు. ఎల్లుండి ఎంబసీకి నీతో నేనొస్త.”

“తొవ్వల పట్టుకుంటే?”

“ఇద్దర్ని పట్టుకుంటరు.”

“నీకేం ఖర్మ పటేలా?”

“నేను లేకుంటే మా ఇంటోల్లనడుగుండ్రి అన్నడు గద తాత. అడిగినవు. వచ్చిన.”

మర్నాడు, మీ నాయకుడు వచ్చాడా అని కిమ్ అడిగాడు. రాలేదు, ఎంబసీకి నేనే పోవాలి, ఒకరోజు సెలవు కావాలన్నాను. అక్కడికక్కడే సెలవు ఇచ్చాడు.

ఈ పొద్దున పోశన్నను వెంటబెట్టుకుని ఎంబసీకి పోయాను. అర్జీ తీసుకున్నారు, మళ్లీ రమ్మన్నారు. పోయేటప్పుడు దారంతా నా మోచెయ్యి వదలనివాడు తిరిగొచ్చేటప్పుడు బండి కిటికీలోంచి ఇక్కడి ఊరు చూశాడు. ఇప్పుడు ఆ అరుగు లేదు, ఆ పదవి లేదు, జమ్మి పట్టుకుని గడప గడపకూ తిరిగే మనిషి మా ఊళ్లో లేడు. నా జేబులో పోశన్న ఏరిన ఆకు ఉంది. ఎంబసీలో అర్జీలు తీసుకునే కిటికీ చాలా కిందికి ఉంది. పోశన్న సంగతి చెప్పడానికి నేను నడుము వంచాల్సి వచ్చింది. వంచాను, మా తాత పొట్టి దర్వాజాల కింద వంచినట్టు.