కాటా గదిలో పాత రూటరు

రాజాం దారిలో ఉన్న ఆ రైసుమిల్లులో గుమస్తా గొంతే తూకం. ధాన్యం ట్రాక్టరు కాటా ఎక్కితే, అంకెలు చూపించే పెట్టె గది లోపల ఆయన ముందు మాత్రమే వెలిగేది. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి బరువు కేకేసేవాడు. కేకేసే ముందే తడి ఉందని, తాలు గింజలున్నాయని నోట్లోనే కొంత తరుగు కోసేసేవాడు. ఈ సంగతి రైతులందరికీ తెలుసు. అడిగినవాడు మాత్రం మా నాన్న ఒక్కడే.

"బాబూ, ఆ పెట్టి ఓపాలి నన్ను సూడనీ" అన్నాడు నాన్న.

"బస్తాల్లో ఇసక కలిపీసి, పైగా సూపించమంతావేటి, దొంగా!" అని గుమస్తా మిల్లంతా వినబడేలా అరిచాడు.

అప్పటికి నేను స్కూలు పిల్లని. నాన్న పక్కనే నిలబడి ఉన్నాను. నాన్న తల దించుకుని ట్రాక్టరెక్కాడు. మళ్ళీ ఆ మిల్లు గడప తొక్కలేదు. మా ధాన్యం కూడా పెదనాన్నే తోలుకెళ్ళేవాడు. ఆ మనిషికి అక్కడే, అంతమంది ముందే బుద్ధి చెప్పాలని నా కడుపు మండిపోయేది. డిప్లొమా చదివి రాజాంలో కంప్యూటర్లు బాగుచేసే షాపు పెట్టాక కూడా ఆ మంట చల్లారలేదు.

ఒకరోజు మిల్లు యజమానే నా షాపు మెట్లెక్కాడు. కాటా బరువు ఆఫీసు కంప్యూటర్లో నేరుగా కనబడాలట. ఆ ఆఫీసేమో మిల్లుకి అవతలి చివర. కాటా పెట్టె పాతది, వెనక సీరియల్ పోర్టు తప్ప నెట్‌వర్కు కేబులు పెట్టే చోటే లేదు. ఆ బరువుని నెట్‌వర్కులోకి పంపే డబ్బా తగిలించడానికి విశాఖ కంపెనీవాళ్ళు చెప్పిన ధర వినేసరికి ఆయనకి కళ్ళు తిరిగాయట.

"సవగ్గా అయిపోవాలమ్మా" అన్నాడు. ఆయన పిసినారితనానికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

షాపులో మూల పడేసిన పాత రూటరు విప్పాను. అలాంటి కొన్నిటి బోర్డు మీద సీరియల్ పిన్నులుంటాయి. కాటా పెట్టె వోల్టేజి నేరుగా తగిలితే రూటరు మాడిపోతుంది, అందుకని మధ్యలో చిన్న కన్వర్టరు బోర్డు పెట్టి తీగలకి టంకం వేశాను. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు ఎక్కించాను. కాటా మీద బరువు మారగానే ఒక పేజీలో అంకె మారుతుంది. ఆఫీసులో కూర్చుని అది చూసి యజమాని మురిసిపోయాడు. వైఫైకి పాస్‌వర్డ్ పెట్టమని ఆయన అడగలేదు, నేనూ కావాలనే పెట్టలేదు. బయట టీకొట్టు దగ్గర రైతుల్ని పోగేసి, ఫోన్లో ఆ పేజీ ఎలా తెరవాలో చూపించాను.

మర్నాడు పనేమీ లేకపోయినా వెళ్ళి టీకొట్టు బల్ల మీద కూర్చున్నాను. ట్రాక్టరు కాటా ఎక్కింది. గుమస్తా ఎప్పటిలాగే కోసేసిన బరువు కేకేశాడు. ఫోను పట్టుకున్న రైతు అసలు బరువు అంతకంటే గట్టిగా కేకేశాడు. "మరోపాలి సూడు బాబూ" అన్నారు అందరూ. గుమస్తా కంగారుగా లోపలికి చూసి మళ్ళీ చెప్పాడు. అలవాటుపడ్డ నాలుక మళ్ళీ తరుగు కోసేసింది!

"ఎవుడ్రా దొంగ?" అని ఎవరో అన్నారు. మిల్లంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. అంత సంతోషం నాకు డిప్లొమా వచ్చినరోజు కూడా కలగలేదు. యజమాని వైఫై ఆపించబోయాడు గానీ, ఆపితే ధాన్యం బొబ్బిలి మిల్లుకి తోలుకుపోతామని రైతులు అనేసరికి నోరు మూసుకున్నాడు.

కొన్నాళ్ళకి గుమస్తా నా షాపుకొచ్చాడు. "అది తీసీ అమ్మా. ఇప్పుడు సరిగ్గానే సెప్తన్నాను. అయినా నాను నోరిప్పకముందే ఫోన్లు సూసి నవ్వుతన్నారు. నా మాట ఎవుడూ నమ్మడం నేదు" అన్నాడు.

"ఇసక కలిపినాడని మీరు అరిసిన రోజు మా నాన్న మాట కూడా ఎవులూ నమ్మనేదు. ఎల్లి ఆయన్నే అడగండి" అన్నాను.

నిజంగానే వెళ్ళాడు. సాయంత్రం నాన్న ఫోన్ చేశాడు. "టీ ఇచ్చి కూకోబెట్టినానే. ముసిలోడు ఏడ్సీసినాడు. పోన్లే, తీసీ."

"తియ్యను నాన్నా" అన్నాను. అంతకుముందెప్పుడూ ఆయన మాట కాదనలేదు.

తనకి జరిగిన అవమానాన్ని నాన్న మర్చిపోగలడు, అది ఆయన మంచితనం. మా నాన్నకి జరిగినదాన్ని మర్చిపోవడం నా వల్ల కాలేదు. ఆ రూటరు ఎప్పుడు పాడైనా డబ్బు తీసుకోకుండా బాగుచేస్తానని ఆ రాత్రే యజమానికి కబురు పెట్టాను.