రాహేలు సైకిలుకు తగిన బాటిల్ హోల్డర్

నాగాయలంక మండలంలోని ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సుగా పనిచేసే రాహేలు నలభై దాటాక సైకిల్ నేర్చుకుంది. గుడివాడ దగ్గరి పల్లెలో, ఆడపిల్లకు సైకిలెందుకన్న పెద్దల మధ్య పెరిగిన మనిషి ఆమె. నర్సింగ్ చదివి, పెళ్లితో దివిసీమకు వచ్చి, ఉద్యోగంలో చేరాక స్కూటర్ కొనుక్కుంది. అయితే రొయ్యల చెరువుల గట్లు స్కూటర్ల కోసం పోసినవి కావు. ఒక వానాకాలం ఉదయం స్కూటర్‌తో సహా చెరువులోకి జారింది. ఆ వారమే, గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ ముగించుకుని వెళ్లిపోతున్న విద్యార్థి దగ్గర లావు టైర్ల గేర్ల సైకిల్ కొనేసింది. దాన్ని మౌంటెన్ బైక్ అంటారట. కనుచూపు మేరలో గుట్టయినా లేని సీమలో ఆ పేరు విని వీధి వీధంతా నవ్వింది గానీ, సైకిల్ మాత్రం బురద గట్ల మీద జారలేదు.

రోజూ పొద్దున్నే ఆమె వెళ్లే దారి చివర వీరాంజనేయులు పాక ఉంది. అరవైకి దగ్గరపడిన ఆయన చెరువుల కాపలాదారు. టీబీకి మందు వాడుతున్నాడు. మాత్రలు ఆమె ఎదుటే మింగాలన్నది ఏర్పాటు. దగ్గు బాధపెట్టినన్నాళ్లూ బుద్ధిగా మింగాడు. తర్వాత దగ్గు తగ్గింది, మాత్రలతో కడుపులో తిప్పడం మాత్రం తగ్గలేదు. అప్పటి నుంచి సాకులు వెతకడం మొదలుపెట్టాడు. అన్నింటిలోకీ బాగా చెల్లుబాటయ్యే సాకు నీళ్లు. అక్కడి బోరు నీళ్లు నోట్లో పెట్టలేనంత ఉప్పు. తాగేనీళ్ల క్యాను చెరువుల యజమాని మనిషి తెచ్చినప్పుడే వస్తుంది. మాత్ర ఇవ్వడం ప్రభుత్వ బాధ్యతే గానీ, దాన్ని మింగడానికి గుక్కెడు మంచినీళ్లు ఎవరి బాధ్యతో ఏ ఉత్తర్వులోనూ రాసి ఉండదు. రాహేలు ఆ ప్రశ్నకు జవాబు కోసం ఎదురుచూడకుండా, ఇంటి నుంచే ఒక సీసా తీసుకెళ్లేది.

సైకిల్ వెనక టీకాల పెట్టె, భుజాన మందుల సంచి. సంచిలో పెట్టిన సీసా మూత ఒకసారి వదులై మాత్రల డబ్బాలు తడిశాయి గనుక, సీసాకు చోటు సైకిల్ చట్రమే. దానికున్న ప్లాస్టిక్ హోల్డర్ ఎండకు పెళుసెక్కి, ఒక ఉదయం గతుకులో పటుక్కున విరిగింది. సీసా దొర్లుకుంటూ చెరువులో పడింది.

"నీళ్లు లేకపోతే మీరేం చేస్తారు సిస్టరుగారూ, పాపం. అక్కడ పెట్టేసి వెళ్లండి, క్యాను రాగానే వేసుకుంటాను" అన్నాడు వీరాంజనేయులు, ఎంతో దయగా.

ఆమె నమ్మింది. మర్నాడు అడిగితే వేసుకున్నానన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపే, పాక కప్పుకి చుట్టిన పరదా మడతలో నిన్నటి మాత్రలు అట్టతో సహా ఆమెకు కనిపించాయి. ఆయన తలొంచుకున్నాడు. రాహేలుకు కోపం కంటే భయం ఎక్కువ కలిగింది. మధ్యలో మానేస్తే ఆ జబ్బు మందులకు లొంగకుండా మొండికేస్తుంది. ఆ పాకలోనే ఆయన పక్కన భార్య కూడా నిద్రపోతుంది.

ఆ సాయంత్రం విషయం విన్న భర్త సుందరరాజు, ఇదెంత పనన్నాడు. పడవ ఇంజన్ల మెకానిక్ అయిన ఆయనకు, ఆ తీరంలో అందరికీ ఉన్నట్టే, వల తాడుతో కట్టలేనిది లోకంలో లేదన్న నమ్మకం. కొత్త సీసాను చట్రానికి బిగించి కట్టి, తుఫానొచ్చినా ఊడదని హామీ ఇచ్చాడు.

హామీ నిలబడింది. గట్టు మీది మంచుకు తడిసి బిగుసుకుపోయిన ముడి, రాహేలు గోళ్లు విరిగినా ఊడలేదు. ఆమె ముడితో కుస్తీ పడుతుండగా వీరాంజనేయులు, ఈలోగా మోటారు చూసొస్తానని వెళ్లి, ఎండ ఎక్కేదాకా తిరిగిరాలేదు. ఆయనొచ్చాక తాడు కోయించి, మాత్రలు మింగించేదాకా ఆమె కదల్లేదు. మిగతా ఇళ్లన్నీ ఆరోజు ఆలస్యమయ్యాయి. ఇంటికెళ్లి, "మీ ముడి రోగి పక్షాన ఉందండీ" అంది భర్తతో.

ఆదివారం ప్రార్థన ముగియగానే బందరు బస్సెక్కింది, సీసాను వెంటబెట్టుకుని. సైకిళ్ల కొట్టు గోవర్ధనరావు ముందు రంగురంగుల ప్లాస్టిక్ హోల్డర్ చూపించాడు. ఆమె దాన్ని వేళ్లతో వంచి పక్కన పెట్టింది. పల్చటి అల్యూమినియం తేలికే, కానీ గతుకులకు అతుకు దగ్గర తెగుతుందని ఆయనే ఒప్పుకున్నాడు. రంగు వేసిన ఇనుము ఉప్పుగాలికి ఎన్నాళ్లుంటుందో దివిసీమ మనిషికి చెప్పనవసరం లేదు. చివరికి లావు స్టెయిన్‌లెస్ కడ్డీతో, స్ప్రింగులా సీసా నడుమును పట్టుకునే హోల్డర్ బయటికొచ్చింది. ఆమె అందులో నిండు సీసా పెట్టి, తలకిందులు చేసి, పైకీ కిందికీ బలంగా ఊపసాగింది.

"దిష్టి తీస్తున్నారా మేడమ్?" అన్నాడు గోవర్ధనరావు.

"తీయాల్సింది వేరే మనిషికండీ."

సీసా జారలేదు. కానీ ఆమెకు కావలసింది పట్టు ఒక్కటే కాదు. ఎడమచేత్తో హ్యాండిల్ పట్టుకుని, కుడిచేత్తో పక్క నుంచి లాగితే క్షణంలో రావాలి. అలా పక్కకు తెరుచుకునే రకం అడిగింది. లోపల వెతికి తెచ్చాడు. బోల్టులు కూడా తుప్పు పట్టనివే కావాలని పట్టుబట్టి తీసుకుంది. ఇంటికొచ్చి, భర్త చేతికి తాడు అందకుండా చూసుకుని, తనే బిగించింది.

మర్నాడు వీరాంజనేయులు నీళ్ల మాట ఎత్తబోయాడు. మాట సగంలో ఉండగానే సీసా ఆయన చేతిలో ఉంది.

"చెప్పండి బాబాయ్, వింటున్నాను" అంది రాహేలు, మాత్రలు అరచేతిలో పోస్తూ.

"ఏం చెప్తానమ్మా. ఇంత తొందరగా నీళ్లిచ్చేస్తే మనిషికి ఆలోచించుకునే టైమేదీ?"

మింగి, అడక్కుండానే నోరు తెరిచి చూపించాడు. తర్వాత మెల్లగా, మానేస్తే తన ఇంటిదానికి కూడా అంటుకుంటుందా అని అడిగాడు. ఆమె దాచకుండా చెప్పింది. మరో గుక్క తాగాడు, మంచినీళ్లు బాగున్నాయన్నాడు. ఖాళీ కడుపుతో వేసుకుంటే తిప్పుతోందన్న మాటా చెప్పాడు. దానికేం చేయాలో డాక్టరును అడిగి చెబుతానంది.

అప్పటి నుంచి గతుకులు మారలేదు, ఉప్పుగాలి తగ్గలేదు, హోల్డర్ సడలలేదు. సాకులు మాత్రం పల్చబడ్డాయి. ఈమధ్య ఆయన సైకిల్ కోసం గట్టు మలుపు దాకా నడిచొస్తున్నాడు. ఆమె కాలు నేల మీద ఆనకముందే సీసా తనే లాగేసుకుని, మాత్రల కోసం రెండో చెయ్యి చాపుతున్నాడు.