మొక్కజొన్న క్లిప్పులు

కొండలెక్కేవాళ్ల కోసం సంచులు, గుడారాలు కుట్టే ఆ కార్ఖానాలో ఆమెను అందరూ అనుమానాలక్క అంటారు. చాటున కాదు, ఎదురుగానే. ఆమె పట్టించుకోదు. ఇరవై రెండేళ్లుగా ఆమె తింటున్నది అనుమానం పెట్టిన అన్నమే మరి. కొత్త సరుకు ఏదొచ్చినా లాగుతుంది, దానికి ఇసుక బస్తా వేలాడదీస్తుంది, నిలిస్తేనే ముద్ర వేస్తుంది. పాలు తెల్లగా ఉన్నాయన్నా మరోసారి చూసిగానీ ఒప్పుకోదు.

అలాంటి మనిషి దగ్గరికి సొంత తమ్ముడే భుజం పట్టీల క్లిప్పులు తెచ్చాడు. మొక్కజొన్న పిండి నుంచి తీసిన ప్లాస్టిక్ అట. పాత మిషన్ అమ్మి, వీటి కోసమే కొత్తది కొన్నాడు. ఈ ఆర్డరు తప్పితే అతని షెడ్డు మూతపడ్డట్టే.

"తినే గింజ మీద భారం వేసి మనిషిని కొండెక్కిస్తావట్రా?" అంది అక్క.

"ముందు లాగి చూడక్కా, తర్వాత మాట్లాడు."

ఆ ధీమాయే ఆమెకు మింగుడు పడలేదు. తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే. పరీక్ష మూడు రోజుల తర్వాత. ఈలోగా వీడు స్టోరు గుమాస్తాతో టీ తాగుతూ తాగుతూ నమూనాలు తీసేసి వేరే గట్టివి పెట్టేస్తే? పొట్లాన్ని తన ఇనప బీరువాలో పెట్టి తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుంది. ఆ బీరువా వెనకే, గుడారాల కుట్ల మీద టేపు అతికించే వేడి మిషన్ ఉంటుంది.

మూడో రోజు బస్తా తగిలించగానే క్లిప్పులు ఒక్కొక్కటే సాగి నోళ్లు తెరిచాయి. 'పనికిరావు' అని రాసేసింది.

"నువ్వే ఏదో చేశావు," అని వెళ్లిపోయాడు తమ్ముడు. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు.

వారం తిరిగాక దారానికి పట్టించే మైనం కోసం బీరువా తెరిస్తే, ముద్ద కరిగి అర నిండా పారింది. లోపల చెయ్యి పెట్టి చూసింది. మిషన్ వైపు రేకు చెయ్యి పెట్టనివ్వనంతగా కాలుతోంది. తమ్ముడు మొదటి రోజు మేనేజరుకు చూపించి ఆయన బల్ల మీదే వదిలిన రెండు క్లిప్పులు తెచ్చి బస్తా తగిలించింది. రెండు రోజులు చెక్కుచెదరలేదు. తమ్ముణ్ణి దొంగ అనుకున్నందుకు సిగ్గుతో ఆమెకు అన్నం సయించలేదు.

ఆ ఆదివారం అతని షెడ్డుకు వెళ్లింది.

"తప్పు నాదేరా. తీసుకెళ్లి వేడి పక్కన దాచాను. చల్లగా ఉన్నవి బాగా మోశాయి."

తమ్ముడి మొహం విప్పారింది. "అయితే ముద్ర వేస్తావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నిన్న ఎండలో ఆగిన కారులో థర్మామీటరు పెట్టి చూశాను. అది కూడా నా బీరువా అంతే కాగిందిరా. కొండకెళ్లేవాళ్లు సంచి పడేసేది కారులోనే కదా."

తమ్ముడు వెళ్లి మిషన్ ఆపేసి వచ్చాడు.

"కారు సంగతి నిన్నెవరూ అడగలేదు కదక్కా," అన్నాడు.